తలుపు మూయని దొర: డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ జీవితం

ఒంగోలు అనగానే ఎవరికైనా ముందు గిత్త గుర్తుకొస్తుంది. ఆ తర్వాత టంగుటూరి ప్రకాశం పంతులుగారు గుర్తుకొస్తారు. అయితే ఒంగోలు, కనిగిరి, పొదిలి, కంభం చుట్టుపట్ల గూడేల్లో వయసు మళ్లినవాళ్లను కదిలిస్తే ఇంకో పేరు కూడా వినపడుతుంది. క్లౌ దొర! అసలు పేరు జాన్ ఎవరెట్ క్లౌ. అమెరికాలో పుట్టి, 28వ ఏట ఓడ ఎక్కి, నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగువాళ్ల మధ్య బతికిన మనిషి. పాఠ్యపుస్తకాల్లో ఆయన మనకు పెద్దగా కనపడరు. కానీ మన హాస్టల్ మిత్రుల్లో కొందరి ఇళ్లలో తాతగారి తాతగారి సంగతులు చెప్పుకునేటప్పుడు ఆ పేరు రాకుండా ఉండదు. మనలో ఎవరి మతం వారిది, ఎవరి నమ్మకం వారిది. అయినా మన పల్లెల చరిత్రలో ఒక పెద్ద మలుపు ఆయన చేతుల మీదుగా జరిగింది కనుక, ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి తెలిసినంత వరకు మీ ముందు పెడుతున్నాను.

క్లౌ 1836 జూలై 16న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ అనే ఊరి దగ్గర పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. భూములు చౌకగా దొరుకుతాయని ఆ రోజుల్లో చాలా కుటుంబాలు పడమటి రాష్ట్రాలకు తరలిపోయేవి. వీళ్లూ అలాగే ఇల్లినాయ్, అక్కడినుంచి అయోవా రాష్ట్రాలకు చేరుకున్నారు. ఇంకా మీసాలు రాని వయసులోనే ఆయన ప్రభుత్వ సర్వే బృందంలో కూలికి కుదిరారు. మిన్నెసోటా అడవుల్లో గొలుసు పట్టుకుని భూమి కొలవడం, డేరాల్లో పడుకోవడం, చలికి వణకడం. అలా పనిచేస్తూనే సర్వే విద్య అంతా నేర్చేసుకున్నారు. ఈ సర్వే విద్య సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి. పాతికేళ్ల తర్వాత అది వేలమంది తెలుగువాళ్ల ప్రాణాలు నిలబెట్టింది.

కూడబెట్టిన డబ్బుతో అయోవాలోని బర్లింగ్టన్ కాలేజీలో చేరారు. లాయరు కావాలన్నది ఆయన కోరిక. దేవుడు, ప్రార్థన అంటే అప్పట్లో ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. గదిలో ఉండే తోటి విద్యార్థి రోజూ బైబిలు చదివి మోకాళ్లూని ప్రార్థన చేసేవాడట. విసుగెత్తిన క్లౌ గది మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, నీ భక్తి అంతా ఆ గీతకు అవతలే ఉంచుకోమని చెప్పారట. హాస్టల్లో ఉన్నవాళ్లకు ఈ తగాదా ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు! అయితే ఆ గీత ఎక్కువ కాలం నిలవలేదు. రూమ్మేటు ప్రవర్తన చూసి చూసి ఆయనే ఆలోచనలో పడ్డారు. తనూ పాపినేనని, తనకూ క్షమాపణ కావాలని ఒప్పుకుని 1858లో బాప్తిస్మం పొందారు. లాయరు చదువు ఆశ అక్కడితో ఆగిపోయింది. 1861లో హారియెట్ సండర్లాండ్ అనే ఆవిడను పెళ్లి చేసుకున్నారు. 1862లో డిగ్రీ పూర్తి చేసి, కొన్నాళ్లు బడిపంతులుగా, కొన్నాళ్లు ఊరూరా తిరిగి మత పుస్తకాలు అమ్మే మనిషిగా పనిచేశారు.

ఇక్కడ మన దేశం వైపు కొంచెం చూడాలి. అమెరికన్ బాప్తిస్టులు తెలుగు దేశంలో పని మొదలుపెట్టింది 1836లో, అంటే సరిగ్గా క్లౌ పుట్టిన ఏడాది. శామ్యూల్ డే అనే మిషనరీ 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆ తర్వాత లైమన్ జూవెట్ వచ్చారు. కానీ పాతికేళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఇంత ఖర్చు దండగ, ఈ మిషన్ ఎత్తేద్దామని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, మూడుసార్లు చర్చించారు. పటంలో ఒంటరిగా ఒకే చుక్కలా కనిపించే ఈ నెల్లూరు మిషన్‌కు ఒంటి నక్షత్రం అనే పేరు కూడా పడింది. జూవెట్ మాత్రం పట్టు వదల్లేదు. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఆయన, ఆయన భార్య, కొందరు నెల్లూరు క్రైస్తవులు ఒంగోలులో ఒక కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేసి దిగారు. ఆ కొండను ఈనాటికీ ప్రార్థన కొండ అనే అంటారు. ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లిన జూవెట్ తిరిగి వచ్చేటప్పుడు వెంట వచ్చినవాళ్లే క్లౌ దంపతులు. 1864 నవంబర్ 30న బోస్టన్ రేవులో జేమ్స్ గుత్రీ అనే చిన్న ఓడ ఎక్కి, నాలుగు నెలలకు పైగా సముద్రం మీదే గడిపి, 1865లో మద్రాసు చేరుకున్నారు. తొలి ఏడాది నెల్లూరులో తెలుగు నేర్చుకోవడంతో సరిపోయింది. 1866 సెప్టెంబర్‌లో ఒంగోలుకు మకాం మార్చారు.

ఆ రోజుల్లో చాలామంది మిషనరీల లెక్క ఒకటి ఉండేది. ముందు పైకులాల వాళ్లకు ఇంగ్లీషు చదువు చెప్పాలి, వాళ్లు క్రైస్తవులైతే కిందివాళ్లు వాళ్ల వెనకే వస్తారు అని. నీళ్లు పై మడి నుంచి కింది మడికి పారినట్టన్నమాట. చెప్పుకోవడానికి బాగానే ఉంది. అయితే పై మడి నిండేదాకా కింది మడి ఎండుతూ కూర్చోవాలి కదా! ఒంగోలు వచ్చినప్పుడు క్లౌ దొర మనసులో కూడా ఇంచుమించు ఇదే లెక్క ఉంది. దాన్ని తలకిందులు చేసినవారు చెప్పులు కుట్టే వృత్తిలో పుట్టిన యర్రగుంట్ల పేరయ్యగారు.

పేరయ్యగారిది కనిగిరి ప్రాంతంలోని తాళ్లకొండపాడు. మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారం కోసం దూర ప్రాంతాలు తిరిగేవారు. చదువు లేకపోయినా ఆయన ఊరికే కూర్చున్న మనిషి కాదు. క్రైస్తవం తెలియక ముందే దేవుడెవరో తెలుసుకోవాలని యోగ మార్గం బోధించే గురువుల దగ్గర శిష్యరికం చేశారు. తోళ్ల బేరం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు బోధ ఆయన చెవిన పడింది. మనిషి చేసిన పాపాలకు క్షమాపణ ఉందని, అది కులం చూసి ఇచ్చేది కాదని, గుడి లోపలికి రావద్దని ఆపేవాళ్లు అక్కడ ఉండరని విన్నారు. విన్నది మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చి, భార్యకు చెప్పారు, బంధువులకు చెప్పారు, ఊళ్లు తిరిగి చెప్పారు. 1866లో భార్యాభర్తలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అంటే క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టేనాటికే పొలం దున్ని విత్తనం చల్లి పెట్టినవాడు ఒకడున్నాడు. చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా దొరల పేర్లే ముందు రాస్తారు. ఈ విషయంలో మాత్రం పేరయ్యగారి పేరు ముందు రాయాలని నా అభిప్రాయం.

1867 జనవరి 1న ఒంగోలు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. ఆ నెలలోనే క్లౌ తాళ్లకొండపాడు ప్రయాణం కట్టారు. చింతతోపులో డేరా వేసుకుని కొన్ని రోజులు అక్కడే ఉన్నారు. పేరయ్యగారి మాట విని చుట్టుపక్కల పల్లెల నుంచి జనం సద్దిమూటలతో వచ్చి కూర్చున్నారు. ఆ తోపులో 28 మంది బాప్తిస్మం పొందారు. ముప్పై ఏళ్లలో జరగనిది అయిదారు రోజుల్లో జరిగింది.

ఇక అసలు పరీక్ష ఒంగోలులో ఎదురైంది. ఊళ్లోని బ్రాహ్మణులు, పైకులాల పెద్దలు క్లౌ దొర దగ్గరకు వచ్చి తమ పిల్లలకు ఇంగ్లీషు బడి పెట్టమని అడిగారు. జీతాలు కట్టుకుంటామన్నారు. బైబిలు చెప్పినా అభ్యంతరం లేదన్నారు. మిషనరీకి ఇంతకంటే కావలసింది ఏముంది! బడి పెట్టారు. పిల్లలు వచ్చారు. అంతలో మాదిగలు కొందరు వచ్చి తాము క్రీస్తును నమ్ముకున్నామని, బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఈ కబురు తెలియగానే పెద్దలు వచ్చి తేల్చి చెప్పేశారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు బడికి రారు, మేమెవరమూ మీ మతం వైపు తొంగి చూడము అని.

ఒక్కసారి ఆయన స్థానంలో ఉండి ఆలోచించండి. దేశం కాని దేశం. చేతిలో ఉన్నది చిన్న సంఘం. ఒకపక్క చదువు, పరపతి, భూములు ఉన్నవాళ్లు. ఇంకోపక్క ఊరవతల ఉండేవాళ్లు, ఊరి బావిలో చేద వేసే హక్కు లేనివాళ్లు. కొంచెం ఆగండి, తర్వాత చూద్దాం అని పల్లెవాళ్లకు చెబితే చాలు, బడి నిలబడుతుంది. ఆగమనడం కాదనడం కాదు కదా అని మనసుకు సర్దిచెప్పుకోవచ్చు కూడా. ఇలాంటి ఆగండి అనే మాట మన తాతలు ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు.

క్లౌ దొర ఏం చేయాలో తోచక తన గదిలోకి వెళ్లి ప్రార్థన చేసుకున్నారు. అక్కడ ఉన్న బైబిళ్లలో ఒకటి తీస్తే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం చివరి భాగం కంటపడింది. లోకం గొప్పవాళ్లనుకునేవారిలో పిలుపు అందుకున్నవారు తక్కువనీ, లోకం తీసిపారేసినవారినే దేవుడు ఎన్నుకున్నాడనీ చెప్పే భాగం అది. బయటికి వచ్చేసరికి భార్య హారియెట్ కూడా వేరే గదిలో ఇదే సంగతి గురించి ప్రార్థన చేస్తూ ఇదే భాగం చదివిందని తెలిసింది. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే చోట ఆగారు. నమ్మేవాళ్లు దీన్ని దైవనిర్ణయం అంటారు, నమ్మనివాళ్లు కాకతాళీయం అంటారు. ఏదైనా సరే, ఆ తర్వాత ఆయన వెనకాడలేదు. మాదిగలకు బాప్తిస్మం ఇచ్చారు. పైకులాల పిల్లలు బడి మానేశారు. బడి ఖాళీ అయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన పైకులాల వాళ్లను రావద్దనలేదు. రక్షణ పేదలకే, పాపక్షమాపణ కష్టపడేవాళ్లకే అని ఆయన ఎక్కడా బోధించలేదు. బ్రాహ్మణుడికీ మాదిగకూ ఒకే గుమ్మం అన్నారు, అంతే. ఆ గుమ్మంలోకి మాదిగతో కలిసి అడుగుపెట్టడం ఇష్టం లేనివాళ్లు తమంతట తామే వెనక్కి వెళ్లారు. అందరికీ సమానమైన క్షమాపణ అంటే వినడానికి తియ్యగానే ఉంటుంది. ఎక్కువ తక్కువలకు అలవాటుపడిన మనిషికి మింగుడు పడనిది ఆ సమానం అన్న మాటే. నాకంటే పక్కవాడు తక్కువ పాపి కాడు, నేను వాడికంటే ఎక్కువ పుణ్యాత్ముణ్ణి కాను అని ఒప్పుకోవడం రాజుకైనా కష్టమే, కరణానికైనా కష్టమే.

సంఘంలో చేరేవాళ్లకు క్లౌ దొర పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి మతపరమైన నియమాలు. పల్లెలో మాత్రం ఇవి పెద్ద తిరుగుబాటు అయి కూర్చున్నాయి. ఎందుకంటే మాదిగ బతుకంతా ఊరి అవసరాలతో ముడిపడి ఉంది. రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బొక్కెన కట్టాలి, గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి, జాతర్లకు డప్పు కొట్టాలి, పిలిస్తే వెట్టికి పోవాలి. దానికి ప్రతిఫలంగా కళ్లంలో నాలుగు గింజలు. ఆదివారం రాను, అమ్మవారి ముందు డప్పు కొట్టను అనగానే కరణాలకు, మునసబులకు కోపం వచ్చింది. నీళ్లు తోడుకోనివ్వలేదు. చాకలిని, మంగలిని ఆపేశారు. కొట్టారు. దొంగకేసులు పెట్టారు. పంట గింజలు ఇవ్వలేదు.

క్లౌ దొర ఇలాంటప్పుడు గుర్రమెక్కి ఊరికి వచ్చి, ముందు పెద్దలతో కూర్చుని మాట్లాడేవారు. డప్పు కొట్టడానికి వేరేవాళ్లను చూసుకోవచ్చు, ఆదివారం పని సోమవారం చేయించుకోవచ్చు, వీళ్లు పారిపోవడం లేదు కదా అని నచ్చజెప్పేవారు. వినకపోతే అధికారుల దాకా వెళ్లేవారు. క్రైస్తవులైనవాళ్లను ఊళ్లోంచి లేవదీసి బంగళా చుట్టూ కాలనీ కట్టి పెట్టడం ఆయనకు నచ్చలేదు. ఎక్కడివాళ్లు అక్కడే, తమను కొట్టినవాళ్ల ఊళ్లోనే బతకాలన్నారు. క్షమించడం అనేది వాళ్లకు ఆదివారం వినే ప్రసంగం కాదు. సోమవారం పొద్దున్నే అదే ఆసామి పొలం గట్టు మీద ఎదురుపడేవాడు. పాపక్షమాపణ పొందినవాళ్లు తమ శత్రువులను కూడా క్షమించాలన్న బోధను ఆ నిరక్షరాస్యులైన ఆడవాళ్లూ మగవాళ్లూ ఎంత కష్టపడి పాటించారో మనం ఊహించుకోవలసిందే. అయితే ఓర్చుకోవడం వేరు, లొంగిపోవడం వేరు. వాళ్లు చచ్చిన గొడ్డు మాంసం మళ్లీ ముట్టలేదు. ఆదివారం పని మానేశారు. పల్లెల్లో బోధకుడే పంతులై పిల్లలకు అక్షరాలు చెప్పాడు.

ఆ బోధకులను తయారు చేయడానికి రామాయపట్నంలో 1872లో వేదపాఠశాల మొదలైంది. సెలవు మీద అమెరికా వెళ్లినప్పుడు క్లౌ దొర ఊరూరా తిరిగి దానికోసం 50 వేల డాలర్లు పోగుచేశారు. 1874లో తిరిగి వచ్చారు. రెండేళ్లు తిరగకముందే కరువు.

1876లో వచ్చిన కరువును మనవాళ్లు ధాత కరువు అంటారు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. 1878 దాకా పీడించింది. దక్షిణ భారతంలో లక్షల మంది చనిపోయారు. వానల్లేవు, గింజల్లేవు, గడ్డి లేక పశువులు చచ్చాయి. పని చేసి తినే కులాలకు పనే లేదు. ఆ సమయంలో మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే ఆ కాలువకు పెట్టారు. పనికి వెళ్తే కాంట్రాక్టర్ల మేస్త్రీలు పల్లెవాళ్లను తిట్టి, కొట్టి, కూలి ఎగ్గొట్టి పంపుతున్నారు. అప్పుడు క్లౌ దొర చేసిన పని చూడండి. ఆ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క తనే కాంట్రాక్టు తీసుకున్నారు! మిన్నెసోటా అడవుల్లో గొలుసు లాగిన కుర్రవాడి విద్య ఇప్పుడు అక్కరకొచ్చింది. కొలతలు వేసి, ఎత్తు పల్లాలు చూసి, శిబిరం కట్టించి, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. వేలమంది వచ్చారు. క్రైస్తవులా కాదా అని అడగలేదు. ఏ కులం అని అడగలేదు. మాదిగలతో పాటు మాలలు, కరువుకు తాళలేక శూద్ర కులాలవాళ్లు కూడా పార పట్టారు. శిబిరంలో కలరా వచ్చి జనం పోయారు. అయినా పని ఆగలేదు, కూలి ఆగలేదు. అలసి కూర్చున్నప్పుడు బోధకులు పక్కన కూర్చుని క్రీస్తు సంగతి చెప్పేవారు. భారం మోసి అలసినవాళ్లందరూ రావచ్చన్న బోధ మట్టితట్ట దించి కూర్చున్నవాళ్లకు ఎలా వినిపించి ఉంటుందో!

విన్నవాళ్లు వందలకొద్దీ బాప్తిస్మం అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. ఒక వారం కాదు, నెల కాదు, దాదాపు 15 నెలలు ఎవ్వరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమో అన్న అనుమానం ఒకటి, రేపు లోకం అదే మాట అంటుందన్న జాగ్రత్త ఒకటి. ఇది కొంచెం కఠినమైన పరీక్షే అనిపిస్తుంది నాకు. ఆకలితో ఉన్నవాడికి దేవుడు అక్కర్లేదని ఎలా అనగలం? కానీ ఆయన వైపు నుంచి చూస్తే, గింజలకు మతం మార్చాడన్న నింద తన మీదకంటే ఎక్కువగా ఆ జనం మీదే పడేది. ఆ నింద నుంచి వాళ్లను ముందే కాపాడాలనుకున్నారు.

1878లో కాలువ పని అయిపోయింది. వానలు పడే సూచన కనపడింది. సాయం ఇక లేదని తేలిపోయింది. జూన్‌లో ఆయన బోధకులను ఒంగోలుకు పది మైళ్ల ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మని కబురు పెట్టారు. ఒంగోలులో మశూచి వ్యాపించి ఉండటంతో అక్కడికి రావద్దన్నారు. వచ్చింది బోధకులు మాత్రమే కాదు, వాళ్ల వెనక పల్లెలకు పల్లెలే కదిలి వచ్చాయి. ఇంక నా దగ్గర డబ్బు లేదు, ఇళ్లకు వెళ్లండని ఆయన చెప్పారు. మాకు డబ్బు వద్దని వాళ్లు జవాబు చెప్పారు. కష్టపడి పనిచేశామనడానికి అరచేతుల్లో లేచిన బొబ్బలే సాక్ష్యమన్నారు. మళ్లీ కరువొచ్చి చావాల్సి వస్తే క్రీస్తు మనుషులుగానే చస్తామన్నారు. ఇక ఆయన కాదనలేకపోయారు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది గుండ్లకమ్మ నీళ్లలో మునిగి లేచారు. ముందే విచారించి, పేర్లు రాసి జాబితాలు పెట్టుకున్నారు. జాబితా చూసి ఒక్కొక్కరినే పిలిచారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఇద్దరు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగేవారు. పొద్దున మొదలై, ఎండవేళ కాసేపు ఆపి, సాయంత్రం దాకా సాగింది. క్లౌ దొర మాత్రం ఒక్కరికి కూడా స్వయంగా బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డున నిలబడి ఏర్పాట్లు చూసుకున్నారు. నిన్నటిదాకా ఎవరి నీడ పడితే మైల అన్నారో ఆ చేతులే ఆ రోజు రెండు వేల మందిని ముంచి లేపాయి. ఆ జూలై నెలాఖరుకు బాప్తిస్మం పొందినవాళ్లు ఎనిమిది వేలు దాటారు.

ఈ వార్త అమెరికాలోనూ ఇంగ్లండులోనూ పెద్ద సంచలనం అయింది. మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఇంతమందిని ఒక్కసారి చేర్చుకోవడం తొందరపాటు అని తోటి మిషనరీలే అన్నారు. కరువు పోయి పంటలు పండిన తర్వాత కూడా జనం వెనక్కి పోకపోవడంతో ఆ మాటలు చాలావరకు సద్దుమణిగాయి. 1880ల తొలి సంవత్సరాల్లోనే ఒంగోలు సంఘం 20 వేలు దాటి, ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్తిస్టు సంఘంగా పేరు తెచ్చుకుంది. 1880లో ఒంగోలులో మిషన్ హైస్కూలు మొదలైంది. ఒకప్పుడు కులం పేరుతో ఖాళీ అయిన బడి సంగతి తెలిసినవాళ్లకు ఆ హైస్కూలు విలువ ఏమిటో తెలుస్తుంది.

ఇదంతా చెప్పి, కులం పోయిందని అంటే అది అబద్ధం అవుతుంది. ఒంగోలు మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వేరే జిల్లాల్లో వేరే మిషన్లలో మాలలు ఎక్కువగా చేరారు. ఒకే రొట్టె, ఒకే పాత్ర అని బోధించే సంఘాల్లోనే మాల గుడి, మాదిగ గుడి అనే మాటలు పుట్టాయి. కుటుంబాలు, చుట్టరికాల దారి వెంట మతం వ్యాపించింది కనుక అది కులం గట్లు దాటకుండానే పారింది. క్లౌ దొర ఆ గట్లను తెగ్గొట్టడానికి పూనుకోలేదు, ఆ దారినే వాడుకున్నారు. ఆయన పనిలో బలమూ అదే, లోపమూ అదే అని నాకనిపిస్తుంది. చట్టం కూడా తన వంతు ముడి వేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మన దగ్గర వాళ్లను బి.సి-సి గ్రూపులో చేర్చారు. గుండ్లకమ్మలో మునిగినవాళ్ల మునిమనవలు హాస్టల్ దరఖాస్తులో కులం గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆపి ఆలోచిస్తారు. దేవుడి దగ్గర అడగని ప్రశ్న ఆఫీసులో అడుగుతారు మరి.

క్లౌ దొర చివరి సంవత్సరాలు సుఖంగా గడవలేదు. 1893లో భార్య హారియెట్ చనిపోయారు. ఆయన అన్ని ఊళ్లు తిరుగుతుంటే ఇంటినీ బడినీ సంఘాన్నీ మోసిన మనిషి ఆవిడ. 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను పెళ్లి చేసుకున్నారు. అప్పటికే మద్రాసులో తెలుగువాళ్ల మధ్య మిషనరీగా పనిచేసిన విదుషి ఆవిడ. ఈవిడ మనకు చేసిన మేలు ఒకటి ఉంది. ముసలివాళ్లైన మాదిగ బోధకులను కూర్చోబెట్టి, వాళ్ల చిన్నతనం, గురువులు, దేవతలు, ఆకలి, అవమానాలు, దేవుడి కోసం వాళ్లు తిరిగిన దారులు అన్నీ వాళ్ల నోటనే విని రాసుకున్నారు. 1899లో ఆ సంగతులు ఇంగ్లీషు పుస్తకంగా వచ్చాయి. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న ముచ్చట్లు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి. పేరయ్యగారి యోగాభ్యాసం సంగతి మనకు తెలిసింది అలాగే. మాదిగల జీవితాన్ని మాదిగల మాటల ఆధారంగా రాసిన తొలి పుస్తకాల్లో అది ఒకటి.

ముసలితనంలో క్లౌ దొర నడవలేని స్థితికి వచ్చారు. గుర్రం మీద జిల్లా అంతా తిరిగిన మనిషి కుర్చీకి అంటుకుపోయారు. తన జీవితం గురించి ఎమ్మాగారికి చెబుతూ రాయించుకున్నారు. 1910 నవంబర్ 24న, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో, 74వ ఏట కన్నుమూశారు. ఆయన చెప్పిన ఆత్మకథ 1914లో అచ్చయింది. ఒంగోలులో ఆయన పేరుతో ఆసుపత్రి వెలిసింది. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఇప్పటికీ పారుతోంది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పాత ట్రంకు రోడ్డే ఇప్పుడు జాతీయ రహదారి. ఒంగోలు నుంచి గుంటూరు వైపు బస్సులో వెళ్లేటప్పుడు ఆ ఊరు వస్తుంది.